సాగర్ ముంపు కింది లోయను అంగుళం మ్యాపులో చదవడం

నాగార్జునసాగర్‌లో మునిగిన నాగార్జునకొండ లోయను పాత అంగుళం మ్యాపులో, అంటే మైలు నేలను అంగుళంలో చూపే టోపో మ్యాపులో, చూద్దామనుకునేవాళ్లకు మొదటి చిక్కు షీటు నంబరు దగ్గరే ఎదురవుతుంది. కొండ ఉన్నది సుమారు 16 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశం, 79 డిగ్రీల 14 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర. సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో 56 నంబరు షీటు 76 నుంచి 80 డిగ్రీల తూర్పు, 16 నుంచి 20 డిగ్రీల ఉత్తరం వరకు పరుచుకుంటుంది. దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున 16 గళ్లు చేసి ఏ నుంచి పి వరకు అక్షరాలిచ్చారు. ఒక్కో గడిని మళ్లీ 15 నిమిషాల చొప్పున 16 ముక్కలు చేసి 1 నుంచి 16 వరకు అంకెలిచ్చారు. చాలామంది తప్పేది ఇక్కడే: వరస ఎడమ నుంచి కుడికి నడవదు. వాయవ్య మూల నుంచి మొదలై కిందికి దిగుతుంది, ఆ నిలువు వరస అయ్యాక పక్క వరస పైనుంచి మళ్లీ మొదలవుతుంది. అలా లెక్కిస్తే హైదరాబాదు 56కె/7లో పడుతుంది, నాగార్జునకొండ 56పి/2లో పడుతుంది.

అయితే 56పి/2 ఒక్కటి తెచ్చుకుంటే లోయ చేతికి రాదు. ఆ షీటు కుడి అంచు 79 డిగ్రీల 15 నిమిషాలు, కింది అంచు 16 డిగ్రీల 30 నిమిషాలు. అంటే కొండ ఆగ్నేయ మూలలో ఇరుక్కుని ఉంటుంది: కింది అంచుకు ఒకటిన్నర అంగుళం పైన, కుడి అంచుకు అర అంగుళం లోపల. లోయలో తూర్పు భాగం 56పి/6లోకి, దక్షిణం కొస 56పి/3లోకి, 56పి/7లోకి జారిపోతాయి. ఆనకట్ట కట్టిన చోటు 56పి/6లో ఉంది, మాచర్ల 56పి/7లో ఉంది. నాలుగు షీట్లు కలిసే మూలలో ఊరు పడటం మ్యాపులతో పనిచేసేవాళ్లకు పాత దురదృష్టమే. ఇక్కడ ఊరు కాదు, ఏకంగా ఒక రాజధాని పడింది. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఈ లోయలోనే ఉండేది.

అంత శ్రమపడి ఈ పాత షీట్లే ఎందుకంటే, ఆ నేలను కొలిచి చూపే సాధనాలు మన దగ్గర ఎక్కువ లేవు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. నేలను చిత్రించే మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహం పైకెళ్లింది 1972లో, అంటే లోయ మునిగాకే. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఎత్తుల సమాచారంలో ఎక్కువమంది వాడేది ఎస్ఆర్‌టీఎం. దాన్ని 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో సేకరించారు. రాడార్ నీళ్లలోకి దిగదు. అందుకే ఆ డేటాలో సాగర్ ఉన్నచోట అద్దంలాంటి చదును కనిపిస్తుంది, కింద లోయ ఉన్న జాడే ఉండదు. 1960 తర్వాతి అమెరికా గూఢచారి ఉపగ్రహాల ఫొటోలు కొన్ని ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిలో నేల రూపు కనిపించినా ఎత్తు అంకెలు ఉండవు. ప్రాజెక్టు కోసం చేసిన పెద్ద స్కేలు సర్వేలను పక్కన పెడితే, మామూలు పాఠకుడికి ఆ లోయ ఎత్తుపల్లాలు చెప్పేది ఒక అంగుళం షీటే.

అది చెప్పేది 50 అడుగుల జల్లెడలోంచి చెబుతుంది: ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు అందులో 50 అడుగులకు ఒకటి చొప్పునే ఉంటాయి. ఈ ఒక్క సంగతి మరిచిపోతే మ్యాపు నుంచి తీసే ప్రతి లెక్కా తప్పుతుంది.

మ్యాపు మీది ఏడాది

షీటు కింద అచ్చయిన ఏడాదిని చూసి 1950ల మ్యాపు అనుకోవడం తేలిక. కానీ ఒక షీటు మీద రెండు మూడు తేదీలుంటాయి: సర్వే జరిగిన ఏళ్లు, మొదటి ముద్రణ ఏడాది, తర్వాతి ముద్రణ ఏడాది. రోడ్లు, రైలు దారులు, జిల్లా సరిహద్దులు మాత్రం సవరించి మిగతా నేలనంతా పాత సర్వే నుంచే దించి అచ్చేసిన షీట్లు కోకొల్లలు. అడుగు అంచులో చిన్న పెట్టెలాంటి సూచిక ఉంటుంది. ఏ ముక్కను ఏ ఏళ్లలో సర్వే చేశారో అది చెబుతుంది. ముందు చదవాల్సింది దాన్నే. నాలుగు షీట్లను పక్కపక్కన పరిస్తే అంచు దగ్గర కాంటూరు గీతలు అతకకుండా అర మిల్లీమీటరు, మిల్లీమీటరు పక్కకు తప్పుకోవడం కనిపిస్తుంది. వేర్వేరు ఏళ్లలో వేర్వేరు జట్లు చేసిన పనికి అది గుర్తు. పెన్సిలుతో ఆ గీతలను సాగదీసి అతికించకూడదు. రెండిటిలో ఏది కొత్త సర్వేనో చూసుకుని, అతకని చోటును అలాగే గుర్తుపెట్టుకోవాలి.

అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ 1950ల్లో తయారుచేసిన 1:2,50,000 స్కేలు మ్యాపుల్లోనూ ఇదే కథ. యూ502 అని పిలిచే ఆ వరస ఉచితంగా దొరుకుతుంది కాబట్టి అందరూ ముందు దాన్నే తెరుస్తారు. కానీ అది కొత్తగా నేల మీద తిరిగి చేసిన సర్వే కాదు, భారత సర్వే షీట్ల నుంచి కుదించి కూర్చిన మ్యాపు. లోయ ఎక్కడుందో తెలుసుకోవడానికి చాలు, ముంపు గీత గీయడానికి పనికిరాదు.

బల్ల మీద పుట్టిన కాంటూరు

అప్పటి షీట్లలో ఎక్కువ భాగం ప్లేన్ టేబుల్ మీద తయారైనవి. మూడు కాళ్ల మీద నిలిపిన చెక్క బల్ల, దానికి బిగించిన కాగితం, కాగితం మీద ముందే గుర్తించిన ట్రయాంగులేషన్ స్టేషన్లు (స్థానాన్ని ముందే కచ్చితంగా కొలిచి పెట్టుకున్న చోట్లు). సర్వేయరు ఒక గుట్ట ఎక్కి, కనిపించే మూడు స్టేషన్ల వైపు గురిచట్టంతో చూసి గీతలు గీస్తాడు. మూడు గీతలూ ఒక్క చుక్కలో కలిస్తే తాను నిలబడ్డ చోటు అదే. కలవకుండా చిన్న త్రికోణం ఏర్పడితే బల్ల దిక్కు కాస్త తప్పినట్టు. దాన్ని తిప్పి సరిచేసి మళ్లీ గీయాలి.

ఎత్తుకు ఇండియన్ క్లైనోమీటర్ వాడేవారు. బల్ల మీద పెట్టి ఎదుటి కొండ వైపు చూస్తే కోణమూ, దాని టాంజెంటు విలువా కనిపిస్తాయి. దూరాన్ని టాంజెంటుతో గుణిస్తే ఎత్తు తేడా వస్తుంది. ఇందులో తప్పు ఎలా పెరుగుతుందో ఒక లెక్క చూస్తే చాలు. ఒక నిమిషం కోణం తప్పితే మైలు దూరానికి ఒకటిన్నర అడుగు తేడా. ఐదు నిమిషాల కోణం తప్పి, చూసిన చుక్క మూడు మైళ్ల దూరంలో ఉంటే 23 అడుగులు. అంటే కాంటూరుకూ కాంటూరుకూ మధ్య ఉన్న 50 అడుగుల్లో దాదాపు సగం. అలా ఎత్తు తెలిసిన చుక్కలు నాలుగైదు దొరికాక, వాటి మధ్య కాంటూరును సర్వేయరు నేలను కంటితో చూస్తూ చేత్తో గీసేవాడు. చెట్టూ చేమా లేని లోయ అడుగులో ఈ గీతను నమ్మొచ్చు. నల్లమల అడవి కమ్ముకున్న వాలు మీద అంతగా నమ్మలేం. చెట్ల పైకొసలు కనిపిస్తాయి గానీ నేల కనిపించదు. కాబట్టి ఆకుపచ్చ రంగు మీద నడిచే గోధుమరంగు గీతల్లో సన్నని మెలికలు లేకపోతే, వాలు నున్నగా ఉందని అర్థం కాదు, సర్వేయరుకు కనిపించలేదని అర్థం.

ఎండాకాలపు కృష్ణ

సర్వే జట్లు గుడారాలు వేసేది వానలు వెలిశాకే, ఎత్తేసేది ఎండలు ముదిరాకే. అందుకే మ్యాపులోని నది వరద కృష్ణ కాదు. రెండు ఒడ్డుల మధ్య చుక్కలు చల్లిన తెల్లని చోటు ఇసుక, దాని మధ్య నీలంగా మెలికలు తిరిగేది ఆ నెలల్లో పారే పాయ. ఈ సంప్రదాయం తెలియనివాళ్లు నీలం పాయ వెడల్పునే నది వెడల్పుగా కొలిచేస్తారు. కొలవాల్సింది ఒడ్డు నుంచి ఒడ్డుకు. వాగుల విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. ఏడాది పొడవునా నీళ్లుండే వాగుకే నీలం రంగు, ఎండిపోయే వాగుకు నలుపు. పల్నాటి వైపు నుంచి లోయలోకి దిగేవాటిలో నల్లవే ఎక్కువ ఉంటాయి. వాటిని కాలిబాటలనుకుని గీసేవాళ్లూ ఉన్నారు. తేడా పట్టడానికి కాంటూరును చూడాలి. వాగు దాటే చోట కాంటూరు ఎగువ వైపు కొస పెట్టి వంగుతుంది. బాటకు ఆ వంకర ఉండదు.

చెరువు కట్టల పక్కన, కోసుకుపోయిన వాగు ఒడ్ల పక్కన చిన్న అంకె, దాని వెంట ఇంగ్లిషు చిన్న ఆర్ అక్షరం కనిపిస్తాయి. అది సముద్ర మట్టం నుంచి ఎత్తు కాదు, పక్క నేల నుంచి కట్ట ఎంత లేచిందో, ఒడ్డు ఎంత లోతుందో అడుగుల్లో చెప్పే అంకె. 50 అడుగుల జల్లెడలోంచి జారిపోయే వివరాలను మ్యాపు పట్టుకునే ఒకే ఒక్క చోటు ఇదే కాబట్టి, వీటిని వదిలేసి కాంటూర్లు మాత్రమే డిజిటైజ్ చేస్తే సగం పంట పొలంలోనే వదిలినట్టు.

పేర్లలో దాగినవి

ఊళ్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి, గుణింతం సగం పోయి ఉంటుంది. ట, త ఒకటే, ల, ళ ఒకటే. దీర్ఘం ఉందో లేదో ఊరివాడు పలికితేగానీ తెలియదు. అయినా పేరు చివరి ముక్క చాలా చెబుతుంది. పెంట అని ఉంటే నల్లమలలో చెంచుల నివాసం. తండా అంటే లంబాడీలది. గూడెం, పల్లె, పాడు తెలిసినవే. కుంట, వాగు, గుట్ట నేల రూపును చెబుతాయి. ఈ లోయలో అన్నిటికన్నా విలువైన ముక్క బోడు. నేల మీద కాస్త ఉబ్బి కనిపించే పాత దిబ్బను ఆ ప్రాంతపు జనం అలా పిలిచేవారు. ఇటుకలూ రాళ్లూ కూలి పడిన కట్టడాల మీద మట్టి కప్పుకుంటే పుట్టేది అదే.

ఆ దిబ్బల్లో ఎక్కువ వాటి ఎత్తు కాంటూరు అంతరంలో సగం కూడా ఉండదు. ఇరవై అడుగుల దిబ్బ 50 అడుగుల జల్లెడలోంచి ఆనవాలు లేకుండా జారిపోతుంది, పేరు మాత్రం మిగులుతుంది. ముంపు రాకముందు 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఈ లోయనంతా గాలించి, వందకు పైగా చోట్ల తవ్వింది. స్తూపాలు, విహారాలు, నది ఒడ్డున స్నానఘట్టం, మెట్లు కట్టిన రంగస్థలం బయటపడ్డాయి. ఆ రంగస్థలాన్ని తర్వాత అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. దాని మధ్యనున్న ఖాళీ స్థలం పొడవు సుమారు 16 మీటర్లు. అంగుళం మ్యాపులో అది పావు మిల్లీమీటరు, అంటే ఒక గీత మందం. ఇక్ష్వాకుల నగరం ఈ షీట్లలో ఎందుకు కనపడదని అడిగేవాళ్లకు జవాబు ఈ పావు మిల్లీమీటరే.

నది మధ్యలో ఇంకో గీత ఉంటుంది. 1956 నవంబరు 1కి ముందు ఇక్కడ ఎడమ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రపు నల్లగొండ జిల్లా, కుడి ఒడ్డు గుంటూరు జిల్లా. ఆ గుంటూరు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసులోనూ, ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రంలోనూ ఉండేది. పాత షీటులోని ఆ రాష్ట్ర సరిహద్దు గుర్తు దాదాపు అరవై ఏళ్లు చెల్లకుండా పోయి, 2014 జూన్ 2న మళ్లీ చెల్లింది. మధ్యకాలంలో అచ్చయిన షీట్లలో అది జిల్లా సరిహద్దు మాత్రమే.

590 అడుగుల గీత

ఈ మ్యాపులతో అందరూ చేయాలనుకునే పని ముంపు అంచును గీయడం. సాగర్ పూర్తి నీటిమట్టం సముద్ర మట్టానికి 590 అడుగులు. స్పిల్‌వే (మిగులు నీళ్లు పొర్లిపోయే కట్ట) శిఖరం 546 అడుగుల దగ్గర, దాని మీద 44 అడుగుల ఎత్తు గేట్లు, రెండూ కలిపితే 590. మ్యాపులో 590 కాంటూరు ఉండదు. ఉండేవి 550, 600. ప్రతి ఐదో గీత మందంగా ఉంటుంది కాబట్టి ముందు 500 మందపు గీతను పట్టుకుని, అక్కడి నుంచి 550, 600 లెక్కించుకోవాలి. గీత మీది అంకె దొరకలేదని అందాజాగా మొదలుపెట్టి ఒక గీత పక్కకు జరిగిపోవడం తరచూ జరిగేదే. ట్రయాంగులేషన్ స్టేషన్ ఎత్తు, ఊరి పక్కన చుక్కతో రాసిన ఎత్తు రెంటితో సరిచూసుకుంటే ఆ తప్పు దొరికిపోతుంది.

590 అంటే 550 నుంచి 600 వరకు ఉన్న దూరంలో ఐదింట నాలుగు వంతులు. రెండు గీతల మధ్య కాగితం మీద సెంటీమీటరు ఉంటే, 550 నుంచి 8 మిల్లీమీటర్ల దగ్గర చుక్క పెట్టాలి. వాలు ఒకే తీరుగా ఉందని అనుకుంటేనే ఇది నిలుస్తుంది. మధ్యలో చిన్న గట్టు ఉంటే నిలవదు.

ఇక తప్పు సంగతి. కాంటూరు ఎత్తును సగం అంతరం అటూ ఇటూగా, అంటే 25 అడుగుల వరకు అనుమానించాలి. ఆ 25 అడుగులు నేల మీద ఎంత దూరం అవుతాయన్నది వాలును బట్టి ఉంటుంది. గీతల మధ్య మిల్లీమీటరే ఉన్న నిటారు కొండవాలు మీద గీత జరిగేది అర మిల్లీమీటరు, నేల మీద సుమారు 32 మీటర్లు. గీతల మధ్య సెంటీమీటరు ఉన్న చదును నేలలో 5 మిల్లీమీటర్లు, నేల మీద 317 మీటర్లు. ఒకే షీటులో, ఒకే గీత, ఒకచోట 30 మీటర్లకు నమ్మదగ్గది, ఇంకోచోట 300 మీటర్లకు కూడా కాదు. కాబట్టి ముంపు అంచును సన్నని ఒంటి గీతగా గీయకుండా, వాలును బట్టి వెడల్పు మారే పట్టీగా గీయడం నిజాయతీ గల పద్ధతి. ఒంటి గీత చూడటానికి బాగుంటుంది, అంతే.

దీవుల దగ్గర ఈ సందేహం ఇంకా ముదురుతుంది. నాగార్జునకొండ చుట్టూ 600 కాంటూరు మూసుకున్న వలయంగా వస్తుంది కాబట్టి అది దీవిగా తేలడంలో అనుమానం లేదు. అదే 550 వలయం ఉండి, లోపల 600 వలయం గానీ ఎత్తు అంకె గానీ లేని చిన్న గుట్ట ఉందనుకుందాం. దాని తల 551 నుంచి 599 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. జలాశయం నిండితే మునుగుతుందో, తల బయటపెడుతుందో మ్యాపు చెప్పలేదు. ఇలాంటి వాటికి ఉపగ్రహ చిత్రమే తీర్పరి. ఆ చిత్రం తీసిన రోజున నీటిమట్టం ఎంతో తెలియకుండా పోల్చితే మాత్రం లెక్క బెడిసికొడుతుంది. సాగర్‌లో 510 అడుగుల కనీస మట్టం నుంచి 590 వరకు 80 అడుగుల ఆట ఉంది. ఎండాకాలపు చిత్రంలో కనిపించే ఒడ్డు వేరు, గేట్లెత్తిన రోజు ఒడ్డు వేరు.

నీటి పరిమాణం అందాజాగా తెలియాలంటే విస్తీర్ణాలు కొలవాలి. అంగుళం మ్యాపులో చదరపు అంగుళం అంటే చదరపు మైలు, 640 ఎకరాలు. ఒక పక్క లోయలో 550 కాంటూరు లోపల 2 చదరపు అంగుళాలు, 590 గీత లోపల 3 చదరపు అంగుళాలు వచ్చాయనుకుందాం. అవి 1,280, 1,920 ఎకరాలు, సగటు 1,600. దాన్ని 40 అడుగుల ఎత్తుతో గుణిస్తే 64,000 ఎకరం-అడుగులు, అంటే దాదాపు 2.8 టీఎంసీలు. కాంటూరు సందేహం మొత్తం ఈ అంకెలోకీ వస్తుంది. దశాంశం తర్వాత రెండో అంకె రాయడం దండగ.

పూడిక లెక్కకు ఈ షీట్లు వాడొచ్చా అని కూడా అడుగుతుంటారు. సాగర్ మొదటి సామర్థ్యం 408 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలో చూపేది 312. తేడా 96 టీఎంసీలను 285 చదరపు కిలోమీటర్ల జలాశయమంతా సమానంగా పరిచామనుకుంటే మందం తొమ్మిదిన్నర మీటర్లు, 31 అడుగులు. కాంటూరు అంతరం 50 అడుగులు. నిజానికి పూడిక సమానంగా పడదు, అయినా ఈ సగటు చూస్తేనే తెలుస్తుంది: ఇంత పెద్ద మేట కూడా అంగుళం మ్యాపు జల్లెడలో నిలవదు.

కాగితాన్ని నేల మీద పరచడం

షీటును స్కాన్ చేసి క్యూజీఐఎస్ లాంటి మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటి మ్యాపు మీద పరిచినప్పుడు మొదట కనిపించేది, అంతా ఒక పక్కకు తప్పుకుని ఉండటం. తప్పు స్కానుది కాదు. పాత షీట్ల అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి లెక్క కోసం తీసుకున్న నమూనా) మీదివి, ఇప్పటి జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్84 అనే వేరే నమూనా. ఈ లోయ దగ్గర రెండిటి మధ్య తూర్పు పడమరలుగా దాదాపు 150 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 120 మీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. పాత అంకెలను నేరుగా జీపీఎస్ అంకెలుగా ఇచ్చేస్తే మ్యాపంతా ఆగ్నేయంగా సుమారు 200 మీటర్లు జారుతుంది. కాగితం మీద అది 3 మిల్లీమీటర్లు. చిన్నదిగా అనిపిస్తుంది గానీ నిటారు వాలు మీద మూడు కాంటూర్లు దాటేస్తుంది.

పని సాగే వరస ఇది. షీటును బల్లపరుపుగా ఉన్న పెద్ద స్కానరు మీద 400 డీపీఐలో తీయాలి. అప్పుడు ఒక పిక్సెల్ నేల మీద 4 మీటర్లు. ఫోనుతో తీసిన ఫొటోలో అంచులు వంగుతాయి, దాన్ని సరిచేయడం కన్నా మళ్లీ స్కాన్ చేయించడం తేలిక. స్కానుకు ముందే స్కేలుతో నాలుగు అంచులూ కొలవాలి. ఈ అక్షాంశం దగ్గర 15 నిమిషాల షీటు పై నుంచి కిందికి 17.2 అంగుళాలు, అడ్డంగా సుమారు 16.6 అంగుళాలు ఉండాలి. కాగితం పాతబడి ఒక శాతం కుంచించుకుపోతే ఈ చివర నుంచి ఆ చివరకు 270 మీటర్ల పైన తేడా. నిలువునా అడ్డంగా ఒకే తీరున కుంచించుకోదు కూడా.

తర్వాత ప్రతి 5 నిమిషాలకు ఉండే అక్షాంశ రేఖాంశాల కూడళ్లను పట్టుకోవాలి. నిలువున 4, అడ్డంగా 4, మొత్తం 16 చుక్కలు. నాలుగు మూలలతోనే సరిపెట్టుకుంటే లెక్క బాగా వచ్చినట్టే చూపిస్తుంది, మధ్యలో కాగితం సాగిన సంగతి దాస్తుంది. ఆ చుక్కలకు ఇచ్చే అంకెల నిర్దేశాంక వ్యవస్థగా డబ్ల్యూజీఎస్84ను కాక, కల్యాణ్‌పూర్ 1975ను ఎంచుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని వెతకడానికి వాడే ఈపీఎస్‌జీ గుర్తింపు సంఖ్య 4146. అక్కడి నుంచి డబ్ల్యూజీఎస్84కు మార్చడానికి మూడు అక్షాల వెంట జరపాల్సిన విలువలు 295, 736, 257 మీటర్లు. సాఫ్ట్‌వేర్ ఈ మార్పు తనంతట తాను చేసిందో లేదో నమ్మకుండా సరిచూడాలి, ఎందుకంటే కొన్నిసార్లు అది ఏ మార్పూ చేయకుండానే రెండూ ఒకటే అన్నట్టు పరిచేస్తుంది.

సరిచూడటానికి నది మలుపులు, వాగులు కలిసే చోట్లు పనికిరావు. అవి నీళ్ల కింద ఉన్నాయి. మునగని గుర్తులే కావాలి: ట్రయాంగులేషన్ స్టేషన్ ఉన్న కొండ తలలు, మాచర్ల చెన్నకేశవస్వామి గుడిలాంటి పాత కట్టడాలు. అలాంటివి కనీసం మూడు, షీటులో మూడు వేర్వేరు మూలల్లో ఉండాలి. అన్నీ ఒకే దిక్కుకు ఒకే దూరం తప్పితే డేటమ్ మార్పు (పాత నిర్దేశాంక వ్యవస్థ నుంచి కొత్తదానికి మార్పు) జరగనట్టు. తలో దిక్కుకు తప్పితే కాగితం సాగినట్టు, లేదా చుక్క తప్పుగా పెట్టినట్టు.

గుడ్డకు అతికించిన షీట్లు ఇంకో రకం తలనొప్పి. జేబులో మడిచి పెట్టుకోవడానికి వీలుగా షీటును ముక్కలుగా కోసి, ముక్కల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదిలి గుడ్డ మీద అంటించేవారు. మొత్తాన్ని ఒక్క మ్యాపుగా అమరిస్తే ప్రతి సందు దగ్గరా 60 నుంచి 120 మీటర్లు లేని నేల పుట్టుకొస్తుంది. ముక్క ముక్కను విడిగా అమర్చి తర్వాత కలపడం తప్ప దారి లేదు.

గ్రిడ్ (దూరాలు కొలవడానికి మ్యాపు మీద గీసిన చదరపు గళ్లు) ముద్రించిన ప్రతులు చేతికొస్తే గజాల సంగతి గుర్తుండాలి. ఆ రోజుల లాంబర్ట్ గ్రిడ్ మీటర్లలో కాదు, గజాల్లో ఉంటుంది. ఈ ప్రాంతం 3ఏ జోన్‌లోది. దాని మూలం 19 డిగ్రీల ఉత్తరం, 80 డిగ్రీల తూర్పు దగ్గర. అక్కడి విలువలు తూర్పుకు 30 లక్షల గజాలు, ఉత్తరానికి 10 లక్షల గజాలు. ఈ లోయ దగ్గర అవి సుమారు 29 లక్షలు, 7 లక్షలకు వస్తాయి. వెయ్యి గజాల గడిని కిలోమీటరు అనుకుంటే దూరాలన్నీ 9 శాతానికి పైగా పెరిగిపోతాయి. మైళ్లూ గజాలూ పోయి మీటర్లు వచ్చాక అంగుళం షీట్ల చోటును 1:50,000 షీట్లు తీసుకున్నాయి. 2005 జాతీయ మ్యాపు విధానం తర్వాత పౌరుల కోసం తెచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్84 మీదే ఉంటాయి. 2017 నుంచి వాటిని ఇంటర్నెట్‌లో దించుకునే ఏర్పాటూ వచ్చింది. వాటిలో లోయ ఉన్నచోట నీలం రంగు ఉంటుంది. కొత్త షీటును ఆధారంగా పెట్టుకుని, దానిమీద పాతదాన్ని పరచడమే అన్నిటికన్నా సాఫీగా సాగే పని.

ఎకరం ఎంత?

ముంపు ఊళ్ల వాళ్ల పిల్లలు, మనవళ్లు ఈ షీట్లు తెచ్చుకుని మా పొలం ఎక్కడ అని వెతుకుతుంటారు. ఊరు దొరుకుతుంది, ఎర్ర రంగు ఇళ్ల గుంపుగా. ఊరి నుంచి రేవుకు దిగే బండి బాట దొరుకుతుంది, అవతలి ఒడ్డున అదే బాట మళ్లీ మొదలవడమూ కనిపిస్తుంది. సాగు నేల పసుపు రంగులో ఉంటుంది. పొలం గట్టు ఉండదు, సర్వే నంబరు ఉండదు. ఎకరం నేలను అంగుళం మ్యాపులో చదరంగా గీస్తే ఒక్కో పక్క ఒక మిల్లీమీటరు. అర ఎకరమైతే పెన్సిలు ముల్లు కింద దాగిపోతుంది.

దానికి వేరే కాగితాలున్నాయి. గుంటూరు వైపు పొలాలకు గ్రామ పటం, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం). ఆ గ్రామ పటాలు మైలుకు 16 అంగుళాల స్కేలువి, అక్కడ ఎకరం పక్కకు 16 మిల్లీమీటర్ల చదరం అవుతుంది. నల్లగొండ వైపు అయితే నక్షా (గ్రామ పటం), టిప్పన్ (పొలం కొలతల చిత్తు పటం), సేత్వార్ (సర్వే నంబర్ల విస్తీర్ణాల రిజిస్టరు). ఈ గ్రామ పటాల్లో అక్షాంశ రేఖాంశాలు ఉండవు, కాబట్టి వాటిని నేరుగా ఉపగ్రహ చిత్రం మీద పరచలేం. అక్కడ టోపో షీటు మళ్లీ పనికొస్తుంది: గ్రామ పటంలోని చెరువు కట్ట, వాగు మలుపు, గుట్ట అంచు, రెండు బాటలు కలిసే చోటు టోపో షీటులోనూ ఉంటాయి. ముందు టోపో షీటును నేల మీద అమర్చి, ఆ నాలుగు గుర్తులతో గ్రామ పటాన్ని టోపో షీటు మీద అమరిస్తే, నీళ్ల కింద ఉన్న సర్వే నంబరు ఏ దిక్కున ఎంత దూరంలో ఉందో ఒకటి రెండు వందల మీటర్ల తేడాతో చెప్పొచ్చు. పడవలో వెళ్లి ఇదిగో ఇక్కడే అని చూపించడానికి అది సరిపోతుంది. గట్టు తగాదాకు సరిపోదు.